బిడ్డతల్లి పరిచర్య

రాయలసీమ సంఘాల్లో పాస్టరు ఇల్లు చాలాచోట్ల చర్చి కాంపౌండులోనే ఉంటుంది. వాటిలో కొన్ని మిషనరీల కాలం నాటి కట్టడాలు. ముందు వరండా, వెంటనే జనం కూర్చునే గది, దాని వెనక కుటుంబం ఉండే గదులు. వరండా ఇంటిదే గానీ సంఘానిది కూడా. పెళ్ళి ప్రకటన ఇప్పించుకోవాలని వచ్చినవాళ్ళు, బాప్తిస్మం సర్టిఫికెట్టు కావలసినవాళ్ళు, జ్వరం తగిలిన బిడ్డకు ప్రార్థన చేయించుకునే తల్లులు, మొగుడితో గొడవపడి వచ్చిన ఆడకూతుళ్ళు అక్కడే కూర్చుంటారు. పగటిపూట తలుపు గడియ పెట్టుకోవడం పాస్టరు ఇంటికి మర్యాద కాదు. ఏడాదిన్నర బిడ్డ తిరుగుతున్న ఇంటికి గడియ లేకపోతే కుదరదు. పాస్టరూ బిడ్డతల్లీ ఒకే మనిషి అయినప్పుడు రోజు మొదలయ్యేదే ఈ గడియ తగాదాతో.

పాస్టరు మగవాడైతే ఈ చిక్కు బయటికి కనబడదు. ఆయన వరండాలో మాట్లాడుతుంటే లోపల బిడ్డను చూసుకునే మనిషి ఒకరుంటారు. ఊళ్ళో ఆమెను పాస్టరమ్మ అంటారు, ఎదురుపడితే అమ్మగారూ అని పిలుస్తారు. వచ్చినవాళ్ళకు కాఫీ కలిపేది, ఆదివార బడిలో పిల్లల చేత వాక్యం కంఠతా పట్టించేది, స్త్రీల సహవాసం నడిపేది, ఎవరింట్లో కాన్పయిందో ఎవరింట్లో ముసలాయనకు బాగాలేదో గుర్తుపెట్టుకుని భర్తకు చెప్పేది ఆమే. ఇంత పనికీ ఆమెకు జీతం లేదు. ఒక జీతానికి ఇద్దరు పనిచేసే ఏర్పాటు మీదనే పాస్టరు ఉద్యోగం తరాల తరబడి నడిచింది. స్త్రీయే పాస్టరయిన ఇంట్లో ఆ రెండో మనిషి ఉండదు. ఆమె రోజులో కనిపించే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అక్కడుంది. తల్లితనానికీ సేవకూ పడదని అనేవాళ్ళు ఈ లెక్క చూడరు.

పడదన్న మాట మాత్రం పాతదే. 1853లో వేలూరులో మొదలైన అమెరికన్ ఆర్కాటు మిషన్ చిత్తూరుకు వచ్చింది, 1863లో జేకబ్ ఛాంబర్లేన్ మదనపల్లెలో స్థిరపడ్డాడు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గు మిషన్ 1865లో సూళ్ళూరుపేటలో పని మొదలుపెట్టి ఆ చుట్టుపక్కల విస్తరించింది. ఆ సంఘాల నుంచి పుట్టిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి ఇవాళ తిరుపతే కేంద్రం. ఆ రోజుల్లో మిషన్లలో ఆడవాళ్ళు రెండు రకాలు. పెళ్ళికాని మిస్సమ్మకు సొంత నియామకం, సొంత జీతం, తన పేరున ఒక బడో ఆసుపత్రో ఉండేవి. పెళ్ళి చేసుకుంటే ఆ నియామకం పోయేది, దొరసానిగా భర్త పనిలో సాయం చేయడమే మిగిలేది. తెలుగు సంఘాల్లో ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలు కూడా ఎక్కువగా వితంతువులు, పిల్లలు చేతికి అందివచ్చినవాళ్ళు. చంకలో బిడ్డ ఉన్న స్త్రీకి సంఘం పని చెప్పింది, పదవి ఇవ్వలేదు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దగ్గర ఈ విషయంలో కొంత వేరే ఆలోచన కనిపిస్తుంది. సేవకు తర్ఫీదు పొందే పెళ్ళయిన మగవాళ్ళు భార్యలతో సహా డోర్నకల్ వచ్చేవారు, ఆ భార్యలకు బిషప్ భార్య అన్బు అజరయ్య చదువు చెప్పేది. అయినా తర్ఫీదు ముగిశాక పదవి భర్తదే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. సి.ఎస్.ఐ. అని అందరూ పిలిచేది దీన్నే. ఆ సంఘం 1976లో మొదటిసారి ఒక స్త్రీకి, ఎలిజబెత్ పాల్‌కు, ప్రెస్బిటరుగా, అంటే సంస్కారాలు ఇచ్చే పూర్తి హోదా గల పాస్టరుగా, అభిషేకం చేసింది. ఆ పని చేయడానికి ఇంగ్లండు సంఘానికి 1994 వచ్చింది. బిషప్ విషయంలోనూ వరస అదే. ఇంగ్లండులో మొదటి స్త్రీ బిషప్ 2015లో వస్తే, సి.ఎస్.ఐ.లో ఎగ్గోని పుష్పలలిత 2013 సెప్టెంబరు 30న నంద్యాల డయోసిస్ బిషప్ అయ్యారు. 1947లో అందరితో కలవకుండా, పాత ఆంగ్లికన్ పద్ధతులు వదలమని చాలాకాలం విడిగా ఉండిపోయినవి ఈ నంద్యాల ప్రాంతపు సంఘాలే. అలాంటిచోటికే సి.ఎస్.ఐ. మొదటి స్త్రీ బిషప్ రావడం రాయలసీమ చరిత్రలో తమాషా అయిన సంగతి. కత్తోలిక సంఘంలో ఇప్పటికీ స్త్రీలకు గురుపట్టం లేదు, స్వతంత్ర సంఘాల్లో ఎక్కడి కట్టుబాటు అక్కడిదే.

చంటిబిడ్డతో ప్రసంగ వేదిక ఎక్కిన తల్లి కోసం వెతికితే లోకంలో 1976 కన్నా చాలా ముందే ఒకరు కనిపిస్తారు. స్టువర్టుపురం వల్ల తెలుగువాళ్ళకు బాగా తెలిసిన రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ, స్థాపకుల్లో ఒకరైన కేథరీన్ బూత్. 1860 మే నెలలో, పెంతెకోస్తు ఆదివారం నాడు, ఇంగ్లండులోని గేట్స్‌హెడ్‌లో భర్త ప్రసంగం ముగిస్తుండగా ఆమె బెంచీ మీంచి లేచి ముందుకు నడిచి తానూ మాట్లాడతానంది. అప్పటికి ఇంట్లో నలుగురు పిల్లలు. పెద్దవాడికి నాలుగేళ్ళు దాటాయి, చిన్నదానికి నాలుగు నెలలు. ఆ సాయంత్రమే ఆమె మళ్ళీ ప్రసంగించింది. తర్వాత మరో నలుగురు పుట్టారు, ప్రసంగాలు ఆగలేదు. రక్షణ సైన్యంలో మొదటి నుంచీ స్త్రీకి పురుషుడితో సమానంగా హోదా ఉండటానికి ఆమె ఒక ముఖ్య కారణం. ఆ ఇంట్లో పనివాళ్ళు ఉండేవారన్న సంగతి కూడా చెప్పుకోవాలి. చిత్తూరు జిల్లా పాస్టరు జీతంలో ఆ వెసులుబాటు ఉండదు.

పాస్టరు కావడానికి చదివే చదువు బి.డి. తెలుగువాళ్ళకు ఇందుకు ప్రధానమైన కాలేజీ ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కాలేజి. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారింది. సెరాంపూర్ విశ్వవిద్యాలయం కింద డిగ్రీ ఇస్తుంది. మామూలు డిగ్రీ అయ్యాక బి.డి. చదివి, కొంతకాలం పెద్ద పాస్టరు చేతికింద పనిచేసి, డీకన్‌గా నిలబడి, ఆ తర్వాత ప్రెస్బిటరు అయ్యేసరికి మనిషికి ముప్పై ఏళ్ళు దగ్గరపడతాయి. పెళ్ళి, తొలికాన్పు కూడా ఆ ఏళ్ళలోనే. అందులోనూ కొత్త పాస్టర్లను ముందు పల్లె పాస్టరేట్లకు, అంటే ఒకే పాస్టరు చూసే ఊళ్ళ గుంపులకు, పంపడం రివాజు. టౌను సంఘాలు సీనియర్లకు దక్కుతాయి. కాబట్టి బిడ్డ బాగా చిన్నదిగా ఉన్న కాలమూ, ఎక్కువ ఊళ్ళు తిరగవలసిన కాలమూ ఒకటే అవుతాయి.

రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. బిడ్డ లేవకముందు దొరికే గంటా గంటన్నరే పాస్టరుకు సొంతంగా చదువుకునే, ప్రార్థించుకునే సమయం. ఆ పూటే బిడ్డ కూడా పెందలాడే లేచిందంటే ఆ గంట పోయినట్టే. లేచాక రాగిజావ, కాస్త ఆలస్యంగా ఇడ్లీ. మధ్యాహ్నం పప్పన్నమో నెయ్యి వేసి మెత్తగా చేసిన సంగటో. ఏడాది దాటిన బిడ్డకు పెద్దవాళ్ళు తినేదే కారం తగ్గించి పెట్టవచ్చు, తల్లిపాలు రెండేళ్ళ వరకూ ఆ పైనా ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పాలు మాన్పించే విషయంలో సంఘపు పెద్దమ్మలకు ఎవరి అభిప్రాయం వాళ్ళకు ఉంటుంది, అడగకపోయినా చెబుతారు. పాస్టరు బిడ్డ కాబట్టి ఊరందరి బిడ్డ. చేతిలో బిస్కెట్టు పెట్టేవాళ్ళు, చాక్లెట్టు తెచ్చేవాళ్ళు, సోమవారం నాటికి బిడ్డ చిక్కిపోయిందని తీర్మానించేవాళ్ళు అందరూ ఉంటారు. ఇళ్ళు చూడటానికి వెళ్ళినప్పుడు ఇదే తంతు. నాలుగిళ్ళు తిరిగేసరికి బిడ్డ కడుపు బిస్కెట్లతో నిండిపోయి అన్నం వేళకు నోరు తెరవదు. వద్దంటే పెట్టినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

ఆదివారం ప్రసంగం తయారయ్యేది బిడ్డ పగటి నిద్రలో. ఒకటి రెండేళ్ళ బిడ్డకు రోజు మొత్తం మీద 11 నుంచి 14 గంటల నిద్ర కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏడాదిన్నర వయసుకు పొద్దున కునుకు పోయి మధ్యాహ్నపు నిద్ర ఒక్కటే మిగులుతుంది. చీర ఉయ్యాల ఊపుతూ ఒక చేత్తో నోటు పుస్తకంలో రాసుకోవడం తల్లులైన పాస్టర్లకు అలవాటయిన పని. ఇలా ముక్కలు ముక్కలుగా తయారైన ప్రసంగాలు కాస్త పొట్టిగా ఉంటాయి. సంఘంలో ఎవరూ దాన్ని లోపంగా చెప్పుకోరు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే నిద్రా, ప్రసంగమూ రెండూ ఆగుతాయి. చిత్తూరు, తిరుపతి ఎండల్లో మే నెలంతా ఈ భయమే. ఫోను చేతికిచ్చి బిడ్డను కూర్చోబెట్టడం సులువైన దారి. కానీ రెండేళ్ళు నిండని బిడ్డకు తెర చూపించవద్దని, ఆ తర్వాత కూడా రోజుకు గంట దాటనివ్వవద్దని వైద్యులు చెబుతున్నారు. పైగా సంఘస్థులు ప్రార్థన మనవులు పంపేది ఆ ఫోనుకే.

ఆదివారం ఆరాధనలో తల్లి ముందు నిలబడుతుంది, బిడ్డ వెనక బెంచీలో ఎవరి ఒళ్ళోనో ఉంటుంది. ఎనిమిదో నెల తర్వాత బిడ్డకు తల్లి ఎడబాటు భయం పట్టుకుంటుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా అది గట్టిగా ఉంటుంది. తల్లి కనబడకుండా బయటికి వెళ్ళిపోతే బిడ్డ కాసేపు ఏడ్చి సర్దుకుంటుంది. కళ్ళ ముందే పది గజాల దూరంలో ఉండి ఎత్తుకోకపోవడం ఆ వయసుకు అసలు అర్థంకాని సంగతి. తెల్లచీర మీద స్టోలు వేసుకుని కొత్తగా కనిపించే తల్లిని చూసి మొదట అనుమానపడే బిడ్డలూ ఉంటారు. ఇంకొంచెం పెద్దయి నడక నేర్చాక బెంచీల మధ్య నుంచి తిన్నగా ప్రభువు బల్ల దగ్గరికి పరుగెత్తుకొస్తారు. సంస్కారం ఇస్తున్న వేళ కుచ్చిళ్ళు పట్టుకుని ఊగే బిడ్డను చూసి నవ్వుకునే సంఘాలున్నాయి, మొహం మాడ్చుకునే పెద్దలూ ఉన్నారు. మగ పాస్టరు బిడ్డ అదే పని చేస్తే ముచ్చటగా ఉందనడం, తల్లి పాస్టరయితే బిడ్డను అదుపులో పెట్టలేదనడం ఒకే నోటి నుంచి వినబడుతుంది. అభ్యంతరం పెట్టేవాళ్ళు యేసు పిల్లలను దగ్గరికి రానిమ్మన్న సువార్త భాగాన్ని ఏటా బాలల ఆదివారం నాడు శ్రద్ధగానే వింటారు. ఆరాధన మధ్యలో పాలకు ఏడిస్తే ఆల్టరు పక్కనున్న వెస్ట్రీ గది పనికొస్తుంది. అప్పుడు కాయరు ఇంకో కీర్తన అందుకుంటుంది.

అందరి చేతులూ మారిన బిడ్డ ఎవరికీ దగ్గర కాకుండా పోతుందన్న బెంగ తల్లులకు ఉంటుంది. మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లుల్ని, బిడ్డల్ని నెలల తరబడి గమనించింది. అక్కడ బిడ్డలను అవ్వలు, అత్తలు, అక్కలు అందరూ ఎత్తుకునేవారు, తల్లులు చేనికి పోయి వచ్చేవారు. అయినా బిడ్డ ఎవరు తనవాళ్ళో తెలుసుకుంది, తల్లి దగ్గర ధైర్యం తెచ్చుకుని చుట్టూ తిరిగింది. దానికి తల్లి ఎన్ని గంటలు కళ్ళ ముందుందన్న దానికన్నా, దగ్గరున్నప్పుడు బిడ్డ సైగలను ఎంత పట్టించుకుందన్నది ఎక్కువ ముఖ్యమైంది. రాయలసీమ పల్లెలో ఇది కొత్త సంగతేమీ కాదు. చెనక్కాయలు వొలిచే వేళ ఒక అవ్వ దగ్గర నలుగురి బిడ్డలుండటం ఇక్కడ అందరూ ఎరిగిందే.

పల్లె పాస్టరేటులో చర్చి ఒకటే ఉండదు. పెద్ద చర్చి ఒకచోట, దాని కింద గ్రామ సంఘాలు చుట్టూ ఊళ్ళలో. ప్రార్థన నడపడానికి ఉపదేశకుడు చాలు, ప్రభు రాత్రి భోజన సంస్కారానికి మాత్రం ప్రెస్బిటరు రావాలి. అందువల్ల పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు, సాయంత్రం కుటుంబ ప్రార్థన ఇంకో ఊళ్ళో. పాలు మరవని బిడ్డయితే వెంట రావలసిందే. స్కూటరు మీద ముందు నిలబడ్డ బిడ్డ, వెనక సంస్కారపు సామాను పెట్టె పట్టుకున్న భర్తో సంఘపెద్దో. బస్సయితే ఇంకొంత కష్టం. తమిళనాడు సరిహద్దు ఊళ్ళలో తెలుగు ప్రార్థన, తమిళ పాటలు కలగలిసి ఉంటాయి. అక్కడ పెరిగిన బిడ్డలకు మాటలు వచ్చేటప్పుడు రెండు భాషలూ కలిసే వస్తాయి. బువ్వ, తాత తర్వాత వచ్చే మాటల్లో ఆమేన్ ఒకటి. అందరూ ఒక్కసారిగా గట్టిగా అనే మాట కాబట్టి అది తొందరగా పట్టుబడుతుంది. కొత్తవాళ్ళు కనబడితే చేతులు జోడించి వందనాలు చెప్పడం కూడా ఆ ఇళ్ళలో నడకతోపాటే అలవడుతుంది.

పాస్టరు పనులన్నింటిలోకీ బిడ్డతల్లికి సమాజంతో ఎక్కువ పేచీ వచ్చేది చావింట్లో. రాయలసీమలో చూలాలిని, బాలింతను, చంటిబిడ్డతల్లిని చావింటికి పంపరు. బిడ్డకు గాలి సోకుతుందంటారు. చాలా కులాల్లో ఆడవాళ్ళు శవం వెంట శ్మశానం దాకా వెళ్ళరు, వీధి మొగలోనే ఆగిపోతారు. పాస్టరు అలా ఆగడానికి లేదు. కబురు అందగానే చావింటికి వెళ్ళి ప్రార్థన చేయాలి, శవపేటిక ముందు నడవాలి, సమాధి దగ్గర నిలబడి మన్ను వేసి అప్పగింత మాటలు చదవాలి. కాబట్టి స్త్రీ పాస్టరు వచ్చిన ఊళ్ళో మొదటి చావు ఊరందరికీ పరీక్ష. క్రైస్తవులు కాని బంధువులు కూడా వచ్చి ఉంటారు, ఆడమనిషి ముందు నడవడం చూసి గుసగుసలాడుకుంటారు. ఒకటి రెండు చావుల తర్వాత ఆ మాట పడిపోతుంది. భర్త పోయిన స్త్రీని గుండెలకు హత్తుకుని కూర్చోగల పాస్టరు వచ్చిందన్న సంగతి ఆడవాళ్ళు ముందు గ్రహిస్తారు. మగ పాస్టరుకు ఆ వెసులుబాటు లేదు, ఆయన దూరంగా కుర్చీలో కూర్చుని వాక్యం చదవాలి.

ఇంటికి తిరిగొచ్చాక ఇంకో ఘట్టం. క్రైస్తవ బోధలో సూతకం లేదు, మైల లేదు. ప్రసంగంలో ఆ మాట చెప్పేదీ ఈమే. అయినా పెరట్లో వేడినీళ్ళు కాగుతుంటాయి. కాచి పెట్టేది అత్తో అమ్మో. తల్లి స్నానం చేసి చీర మార్చుకునేదాకా బిడ్డను చేతికివ్వరు. పాస్టర్లు దీన్ని వాదనగా మార్చకుండా సర్దుకుపోవడానికి మంచి కారణమే ఉంది. చావింట్లో వందమంది చేతులు పట్టుకుని వచ్చినవాళ్ళు కడుక్కోకుండా చంటిబిడ్డను ఎత్తుకోకపోవడం వైద్యం ప్రకారం కూడా సరైనదే. ఆసుపత్రి వార్డులకు ప్రార్థనకు వెళ్ళొచ్చినప్పుడు ఇది మరీ అవసరం. 1915 నుంచి క్షయ వైద్యానికి పేరుపడ్డ ఆరోగ్యవరం మదనపల్లె పక్కనే ఉంది. అంటు అంటే ఏమిటో ఆ ప్రాంతపు సంఘాలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ మైల మాట ఇంటితో ఆగేదీ కాదు, స్త్రీలకు అభిషేకం వద్దన్నవాళ్ళు వాడిన వాదాల్లో బహిష్టు మైల ఒకటి. లేవీయకాండం చూపించి చెప్పినా, దాని వెనకున్నది ఊరి ఆచారమేనని ఆడవాళ్ళకు తెలియకపోలేదు.

సంవత్సరంలో మూడు కాలాలు బిడ్డతల్లికి ప్రత్యేకమైనవి. మొదటిది శ్రమల దినాలు. నలభై రోజులూ ఏదో ఒక ఇంట్లో సాయంకాలపు ప్రార్థన, ముగిసేసరికి బిడ్డ నిద్రవేళ దాటిపోతుంది. మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం. ఇది సాధారణంగా ఏప్రిల్ ఎండలో పడుతుంది. మాటకొకరు చొప్పున పంచుకునే ఆనవాయితీ ఉండటం పాలిచ్చే తల్లికి కలిసొచ్చే అంశం. ఈస్టరు నాడు చీకటి ఉండగానే సమాధుల తోటలో ఆరాధన. రెండోది కోతకాల పండుగ. గుమ్మడికాయలు, రాగులు, చెరకు గడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు చర్చిలోకి వస్తాయి. బిడ్డలకు ఇంతకు మించిన ఆరాధన లేదు, కోడి వేలం పాట అయ్యేదాకా ఎవరి బిడ్డా ఏడవదు. మూడోది డిసెంబరు. నెల మొదలవగానే కేరల్స్ బృందం రాత్రంతా ఇంటింటికీ తిరుగుతుంది, ప్రతి ఇంట్లోనూ పాస్టరు ప్రార్థన చేయాలని కోరుకుంటారు. ఆ నెలలో బిడ్డకు దగ్గు పట్టని పాస్టరు ఇల్లు అరుదు. అన్నీ అయ్యాక డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన. కొత్త సంవత్సరపు వాగ్దాన వాక్యాల కార్డులు పంచేసరికి ఒంటిగంట. కేరల్స్‌కు వంతులు వేసుకుని, పాస్టరు కొన్ని వీధులకే వస్తారని ముందే ప్రకటించే సంఘాలు కొన్ని ఉన్నాయి. ఈ చిన్న ఏర్పాటుతో మగ పాస్టర్ల ఆరోగ్యం కూడా బాగుపడుతుంది.

సంఘం బయటి ఇరుగుపొరుగు సంగతి చెప్పాలంటే, 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులుగా నమోదైనవారు నూటికి 1.34. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా వర్తించదు, అందువల్ల లెక్కకు ఎక్కని విశ్వాసులు ఇంకా ఉన్నారు. ఏ లెక్కన చూసినా తిరుపతిలో పాస్టరు కుటుంబానికి ఇరుగుపొరుగు వేరే మతస్థులే. కొండకు వెళ్ళొచ్చిన పక్కింటివాళ్ళు బిడ్డ చేతిలో లడ్డు ముక్క పెడతారు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు రోజుకో వేషం వేసుకుని వీధిలో వచ్చేవాళ్ళను చూడాలని రెండేళ్ళ బిడ్డ గేటు పట్టుకుని గోల చేస్తుంది. లడ్డు తినవచ్చా కూడదా అని సంఘంలో పెద్దలు వాదించుకుంటారు. ఆ వాదన తేలేలోపు బిడ్డ తినేసి ఉంటుంది. క్రిస్మస్ కేకు అటువైపు వెళ్ళేటప్పుడు మాత్రం ఎవరికీ ఏ సందేహమూ రాదు.

బిడ్డను ఎవరు చూడాలన్న ప్రశ్నకు చట్టం కొంతవరకే జవాబు చెబుతుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు చేశారు. యాభైమంది, ఆ పైన ఉద్యోగులున్న సంస్థ శిశుసంరక్షణ గది నడపాలి. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. కార్యాలయాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టం ఇది. పాస్టరుకు ఆఫీసు అంటూ వేరే లేదు, యాభైమంది తోటి ఉద్యోగులూ లేరు. ఆమె సెలవులో ఉన్నన్నాళ్ళు పక్క పాస్టరేటు పాస్టరు ఇన్‌చార్జిగా వచ్చి సంస్కారం ఇచ్చి వెళతారు. మిగతా పనంతా ఆమె వరండాకే వస్తుంది, బాలింత పథ్యంలో ఉన్నా సరే. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన అంగన్‌వాడీ వ్యవస్థ బిడ్డను కేంద్రంలో కూర్చోబెట్టి చూసేది సాధారణంగా మూడేళ్ళు నిండాకే. అంతకు చిన్నవాళ్ళకు ఇంటికి పోషకాహారం ఇస్తారు, టీకాలు వేయిస్తారు. అంటే నడక వచ్చి, పరుగు వచ్చి, భయం తెలియని ఒకటి నుంచి మూడేళ్ళ వయసులో బిడ్డను పట్టుకునే చోటు చాలా ఊళ్ళలో లేదు. అమ్మమ్మో జేజో వచ్చి ఉండటమే అందరికీ తెలిసిన పరిష్కారం. వాళ్ళు రాలేని ఇంట్లో స్త్రీల సహవాసం వంతులు వేసుకుంటుంది. అది దయతో నడిచే ఏర్పాటు కాబట్టి పెళ్ళిళ్ళ సీజన్లో తెగిపోతుంది.

ఇక భర్త సంగతి. అతను కూడా పాస్టరే అయితే డయోసిస్ ఇద్దరికీ దగ్గర దగ్గర పాస్టరేట్లు ఇవ్వాలి. ఇస్తే ఆదివారం పొద్దున ఇద్దరూ చెరో ఊళ్ళో ఉంటారు, బిడ్డ ఎవరితో వెళ్ళాలన్నది శనివారం రాత్రి తేలుతుంది. అతను ఉపాధ్యాయుడో బ్యాంకు ఉద్యోగో అయితే ఆదివారం బిడ్డ అతనిదే, కానీ బదిలీ అయినప్పుడు ఉద్యోగం ఒకచోట, కుటుంబం ఒకచోట. ఆదివారపు బిడ్డ సంచీ సర్దేది, బెంచీలో కూర్చుని పాలసీసా పట్టేది, ఏడిస్తే చర్చి చుట్టూ తిప్పేది తండ్రే కావడం చూసి మొదట్లో సంఘం ముక్కున వేలేసుకుంటుంది. పాత ఏర్పాటులో పాస్టరమ్మ చేసిన పనులన్నీ అతను చేయాలని మాత్రం ఎవరూ అడగరు. స్త్రీల సహవాసం, ఆదివార బడి, వచ్చినవాళ్ళకు కాఫీ మళ్ళీ పాస్టరు నెత్తినే పడతాయి. కొన్ని సంఘాలు ఆదివార బడిని యువజనులకు అప్పగించి, స్త్రీల సహవాసానికి సంఘంలోనే ఒక కార్యదర్శిని ఎన్నుకుని ఈ బరువు దించాయి. పాస్టరు ఇంటి వరండాలో కలిసే వేళలు గోడ మీద రాసి పెట్టడం ఇంకో మార్పు. చావు కబురుకు ఆ వేళలు వర్తించవని రాయకుండానే అందరికీ తెలుసు.

పాస్టర్ల బదిలీలు కొన్నేళ్ళకోసారి, ఎక్కువగా వేసవిలో జరుగుతాయి. బళ్ళు తెరిచేలోపు కొత్త ఊరు చేరడానికి వీలుగా ఆ నెలలు పెట్టుకున్నారు. బడికి పోయే పిల్లలకు అది సరిపోతుంది. మూడేళ్ళలోపు బిడ్డకు ఊరు మారడమంటే తనను ఎత్తుకునే చేతులన్నీ ఒక్కరోజులో మారిపోవడం. పాత సంఘంలో ఎవరి దగ్గరికైనా చెయ్యి చాపిన బిడ్డ కొత్త చర్చిలో తల్లి స్టోలు వదలదు. కొత్త ఊళ్ళో తొలి రెండు మూడు ఆదివారాలు సంఘస్థులు పాస్టరు ప్రసంగం ఎలా ఉందో చూస్తారు. బిడ్డ మాత్రం బెంచీల్లో కూర్చున్న అవ్వలను ఒక్కొక్కరినే చూసుకుంటూ ఉంటుంది. ఒకరి ఒళ్ళో కుదురుకునేసరికి సామాన్లలో సగం ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంటాయి.